రైజెన్ 5 5600ఎక్స్ ఓవర్‌క్లాకింగ్: ఏసీ లేని గదిలో, ఎండాకాలంలో ఎంతవరకు వెళ్లవచ్చు?

బెజవాడ_బైట్ · మే 11, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నా కంప్యూటర్ వివరాలు ఇవి: ఏఎండీ రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, బి550 బోర్డు, ప్రాసెసర్ పెట్టెలోనే వచ్చిన రైత్ స్టెల్త్ కూలర్, 8 జీబీవి రెండు డీడీఆర్4 3200 ర్యామ్ స్టిక్కులు, 550 వాట్ల పవర్ సప్లై. ఉండేది విజయవాడలో, మేడమీద గదిలో. ఏసీ లేదు. మధ్యాహ్నం పూట గోడ థర్మామీటర్ 38 చూపిస్తోంది.

బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెర) మల్టిప్లయర్ (100 మెగాహెర్ట్జ్ బేస్ క్లాక్‌ను ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె) 46, కోర్ వోల్టేజ్ 1.4 పెడితే ప్రాసెసర్‌లోని ఆరు కోర్లూ 4.6 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తాయని ఒక వీడియోలో చూశాను. ఆ రెండు సెట్టింగులూ నా బోర్డులో కనిపిస్తున్నాయి, ఇంకా ముట్టుకోలేదు. ప్రస్తుతం సినీబెంచ్ ఆర్23 అనే పరీక్ష ప్రోగ్రామ్ నడిపితే ఆరు కోర్లూ 4.2 దగ్గర ఆగుతున్నాయి, వేడి 91 డిగ్రీలకు చేరుతోంది. ఎక్కువగా ఆటలు ఆడతాను, అప్పుడప్పుడు బ్లెండర్‌లో పని చేస్తాను. కొత్త ప్రాసెసర్ కొనే ఉద్దేశం లేదు కాబట్టి ఉన్నదాన్నే ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన వేగం దాటించి, ఇంకొంత రాబట్టాలని ఉంది. పద్ధతి తెలిసినవారు చెప్పగలరు.

స్పీడ్‌కింగ్ · మే 11, రాత్రి 9:30

నాదీ 5600ఎక్స్ చిప్పే. 46, 1.4 పెట్టి వాడుతున్నాను, సినీబెంచ్ ఏ ఇబ్బందీ లేకుండా పూర్తవుతోంది. కాకపోతే నాది 360 ఎంఎం లిక్విడ్ కూలర్, గదిలో ఏసీ ఉంది. పెట్టి చూడండి, భయపడాల్సింది ఏమీ లేదు.

వోల్ట్‌మీటర్ · మే 11, రాత్రి 10:05

బెజవాడ_బైట్ గారూ, ఆగండి. ఆ అంకెలు పెట్టే ముందు ఒక లెక్క చూడండి.

ప్రాసెసర్‌లో పుట్టే వేడి వేగంతో సమానంగా పెరుగుతుంది. వోల్టేజ్‌తో మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. మీ చిప్ ఇప్పుడు ఆరు కోర్ల పనిలో 4.2 దగ్గర, సుమారు 1.2 వోల్టులతో నడుస్తూ ఉండాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే కొలతల ప్రోగ్రామ్‌లో ఎస్‌వీఐ2 టీఎఫ్‌ఎన్ అని ఉన్న వరుస చూస్తే అసలు సంఖ్య తెలుస్తుంది. 4.2 నుంచి 4.6కు వెళ్తే వేగం పెరిగేది 9.5 శాతం. 1.2 నుంచి 1.4కు వెళ్తే ఒక్క వోల్టేజ్ వల్లే వేడి 36 శాతం పెరుగుతుంది. రెండూ కలిస్తే కోర్లు ఇప్పటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు వేడి పుట్టిస్తాయి. ఈ చిప్ గరిష్ఠ ఉష్ణోగ్రత 95 డిగ్రీలు. మీరు ఇప్పటికే 91లో ఉన్నారు. రైత్ స్టెల్త్ చిన్న అల్యూమినియం ముద్ద, దానికి ఈ భారం మోసే శక్తి లేదు.

ఇంకో సంగతి చాలా వీడియోల్లో చెప్పరు. రైజెన్‌లో మల్టిప్లయర్‌ను మన చేత్తో ఒకచోట నిలిపితే చిప్ సొంత బూస్ట్ ఆగిపోతుంది. 5600ఎక్స్ ఒకటి రెండు కోర్ల పనిలో తనంతట తానే 4.65 వరకు వెళ్తుంది. అంటే 4.6 దగ్గర బిగిస్తే, ఒకటి రెండు కోర్ల మీదే ఎక్కువగా ఆధారపడే పనుల్లో మీకు దక్కేది ఏమీ లేకపోగా కొంచెం పోతుంది కూడా.

మీ చిప్‌కు సరైన దారి వేరే ఉంది. ముందు ఒకటి చెప్పండి, ర్యామ్ ఎంత వేగంతో నడుస్తోంది? టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్, అందులో మెమరీ చూడండి.

పాతకాపు · మే 11, రాత్రి 10:48

వోల్ట్‌మీటర్ గారు చెప్పినదానికి కాస్త వెనకటి చరిత్ర జోడిస్తాను. అది తెలిస్తే ఇప్పటి చిప్‌ల దగ్గర ఆశ ఎంత పెట్టుకోవాలో అర్థమవుతుంది.

1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ వచ్చింది. మల్టిప్లయర్ 4.5 దగ్గర తాళం వేసి ఉండేది, బస్సు (చిప్‌ను మిగతా బోర్డుతో కలిపే దారి) వేగం 66 మెగాహెర్ట్జ్. ఆ బస్సును 100కు మారిస్తే చిప్ 450 మెగాహెర్ట్జ్‌లో నడిచేది. ఖరీదైన పెంటియమ్ 2 450తో పోటీ పడేది. యాభై శాతం లాభం, అదీ చాలా చిప్‌లలో వోల్టేజ్ పెద్దగా కదిలించకుండానే. అబిట్ బీహెచ్6 బోర్డు అప్పట్లో అంత పేరు తెచ్చుకోవడానికి కారణం జంపర్లు పీకి మార్చే పని లేకుండా బయోస్ నుంచే ఇదంతా చేయనివ్వడం. 2007లో వచ్చిన కోర్ 2 క్వాడ్ క్యూ6600 కూడా అంతే. 266ను 9తో గుణిస్తే 2.4 గిగాహెర్ట్జ్. 333 పెడితే 3.0. పాతిక శాతం.

తర్వాత 2011లో ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ తరం వచ్చాక ఆట నియమాలు మారాయి. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్‌కు పీసీఐ ఎక్స్‌ప్రెస్ లాంటివన్నీ ముడిపడి ఉండటంతో దాన్ని నాలుగైదు శాతానికి మించి కదిలిస్తే మిగతా భాగాలు తడబడేవి. మిగిలింది మల్టిప్లయర్ ఒక్కటే, అదీ కె అక్షరం ఉన్న చిప్‌లకు. నా ఐ5 2500కె అసలు వేగం 3.3. మల్టిప్లయర్ 44 పెట్టి 4.4లో ఏళ్ల తరబడి వాడాను.

ఆ రోజుల్లో తయారీదారు జాగ్రత్త కోసం వదిలిన ఖాళీ అంతా మన చేతికి వచ్చేది. ఇప్పుడు ఆ ఖాళీని చిప్ తానే కనిపెట్టి, క్షణక్షణం కొలుచుకుంటూ వాడేసుకుంటోంది. ప్రెసిషన్ బూస్ట్ చేసే పని అదే. కాబట్టి 5600ఎక్స్ నుంచి పాతిక శాతం ఎవరూ తీయలేరు. ఐదు శాతం తీసి, వేడి కూడా తగ్గించగలిగితే అది మంచి పనితనం అని నేను అంటాను.

లావణ్య_రెండర్ · మే 12, ఉదయం 7:20

నేను వీడియో ఎడిటింగ్ చేస్తాను, రాత్రంతా రెండర్ నడుస్తుంది. మల్టిప్లయర్ నిలపడం పూర్తిగా పనికిరాదన్న మాటతో ఏకీభవించను. నా రైజెన్ 9 3900ఎక్స్‌ను 4.1 గిగాహెర్ట్జ్, 1.2 వోల్టుల దగ్గర నిలిపాను. పన్నెండు కోర్లూ గంటల తరబడి పూర్తి పనిలో ఉంటాయి కాబట్టి ఒక్క కోర్ బూస్ట్ పోయినా నాకు నష్టం లేదు. మొదట్లో ఉన్నదానికంటే చల్లగా, ఒకే వేగంతో నడుస్తోంది. ఇక్కడ ముఖ్యం 1.2. నిలిపినా తక్కువ వోల్టేజ్‌లో నిలపాలి.

ఇంకొకటి. సినీబెంచ్ పూర్తయింది కాబట్టి అంతా బాగుంది అనుకోకండి. అంచుల్లో నడిచే ప్రాసెసర్ ఎప్పుడూ ఆగిపోయి మనకు చెప్పదు. ఒక్కోసారి తప్పు లెక్క చేసి ముందుకు వెళ్లిపోతుంది. ఎగుమతి చేసిన వీడియోలో ఎక్కడో ఒక ఫ్రేమ్ చెదిరిపోతుంది, లేదా జిప్ ఫైలు తెరుచుకోదు. కస్టమర్ పెళ్లి వీడియోలో అలాంటిది కనిపిస్తే సమాధానం చెప్పుకోలేం.

స్పీడ్‌కింగ్ · మే 12, ఉదయం 8:02

వోల్ట్‌మీటర్ గారికి ఒక ప్రశ్న. ఏ మార్పూ చేయని 5600ఎక్స్‌లో కూడా హెచ్‌డబ్ల్యూఇన్ఫో అప్పుడప్పుడు 1.45 వోల్టులు చూపిస్తుంది. కంపెనీయే 1.45 ఇస్తుంటే నేను 1.4 పెట్టడంలో ప్రమాదం ఎక్కడిది?

వోల్ట్‌మీటర్ · మే 12, ఉదయం 9:15

మంచి ప్రశ్న, చాలామందికి వచ్చేదే. 1.45 కనిపించేది ఒకటి రెండు కోర్లు మాత్రమే పైకి బూస్ట్ అయినప్పుడు. ఆ క్షణంలో చిప్ గుండా పారే కరెంటు తక్కువ, వేడీ తక్కువ. ఆరు కోర్లకూ పని పడగానే చిప్ తన వోల్టేజ్‌ను తానే 1.2 ప్రాంతానికి దించుకుంటుంది. మీరు 1.4 అని బిగించినప్పుడు ఆ దిగడం ఉండదు. ఆరు కోర్లూ పూర్తి కరెంటు లాగుతున్నా అదే 1.4. అధిక వోల్టేజ్, అధిక కరెంటు, అధిక వేడి మూడూ ఒకేసారి ఉన్నప్పుడే లోపలి సన్నని లోహపు తీగల్లో పరమాణువులు నెమ్మదిగా జరిగిపోవడం ఎక్కువవుతుంది. దాన్నే ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. ఇది ఒక రాత్రిలో జరగదు. ఇవాళ 4.6కు 1.4 చాలుతున్న చిప్ కొంతకాలానికి అదే వేగానికి ఇంకొంచెం వోల్టేజ్ అడుగుతుంది, ఆ తర్వాత ఇంకొంచెం.

లిక్విడ్ కూలర్ వేడిని తగ్గిస్తుంది. మిగతా రెండింటినీ తగ్గించలేదు. మీ చిప్ 4.6కు 1.4 నిజంగా అడుగుతోందో లేదో కూడా ఒకసారి చూసుకోండి. 5600ఎక్స్‌లు చాలావరకు 1.3 లోపే ఆ వేగం అందుకుంటాయి.

బెజవాడ_బైట్ · మే 12, రాత్రి 8:40

టాస్క్ మేనేజర్‌లో చూశాను. ర్యామ్ స్పీడ్ 2133 అని ఉంది! స్టిక్ మీద మాత్రం 3200 అని ముద్రించి ఉంది. సీపీయూ వోల్టేజ్ సినీబెంచ్‌లో 1.19, మీరు చెప్పినంతే.

వోల్ట్‌మీటర్ · మే 12, రాత్రి 9:10

మీ మొదటి లాభం అక్కడే ఉంది. బోర్డు ఏ ర్యామ్‌నైనా ముందు అందరికీ సరిపడే తక్కువ వేగంతో మొదలుపెడుతుంది. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనో డీఓసీపీ అనో ఉన్న ప్రొఫైల్‌ను (స్టిక్ మీద ముద్రించిన వేగానికి కావాల్సిన సెట్టింగులు) మనమే ఆన్ చేయాలి. రైజెన్‌లో కోర్లను మెమరీతో కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ వేగం ర్యామ్‌తో జతగా పెరుగుతుంది కాబట్టి 2133 నుంచి 3200కు వెళ్తే ఆటల్లో స్పష్టంగా తెలుస్తుంది. 3200 వరకు ఈ ప్రాసెసర్‌కు ఏఎండీ అధికారికంగా చెప్పిన వేగమే, ఆ ప్రొఫైల్ వోల్టేజ్ మామూలుగా 1.35. మార్చాక ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక రాత్రి నడిపి ఒక్క తప్పు కూడా లేదని చూసుకోండి.

ఆ తర్వాత కర్వ్ ఆప్టిమైజర్. రైజెన్ 5000 తరంతో వచ్చిన సదుపాయం ఇది. బయోస్‌లో అడ్వాన్స్‌డ్, ఏఎండీ ఓవర్‌క్లాకింగ్ తెరవండి. ఒక హెచ్చరిక పేజీ వస్తుంది. నిర్దేశించిన పరిమితులు దాటి వాడితే జరిగే నష్టానికి వారంటీ వర్తించదని అందులో ఉంటుంది. దాన్ని చదివే ఒప్పుకోండి. పీబీఓ (ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్) వాడటం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. తర్వాత ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్‌ను అడ్వాన్స్‌డ్‌కు మార్చితే కింద కర్వ్ ఆప్టిమైజర్ కనిపిస్తుంది. ఆల్ కోర్స్, నెగటివ్, 10 పెట్టి మొదలుపెట్టండి. ఒక్కో అంకె సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. చిప్‌కు ప్రతి వేగం దగ్గరా వోల్టేజ్ కొంచెం తగ్గుతుంది. వేడి తగ్గుతుంది. తగ్గిన వేడి మేరకు బూస్ట్ తానే పైకి వెళ్తుంది. గరిష్ఠం మైనస్ 30, కానీ అన్ని కోర్లూ అక్కడికి చేరవు.

అదే మెనూలో ప్లాట్‌ఫామ్ థర్మల్ త్రాటిల్ లిమిట్ అని ఉంటుంది. మీ గదికి దాన్ని 85 చేయండి. అక్కడ చేరగానే చిప్ తానే తగ్గుతుంది. పీపీటీ పరిమితిని (ప్రాసెసర్ లాగగల మొత్తం పవర్) మాత్రం ఇప్పుడున్న 76 వాట్ల దగ్గరే వదిలేయండి. ఈ కూలర్‌తో దాన్ని పెంచి ప్రయోజనం లేదు.

పాతకాపు · మే 12, రాత్రి 9:34

కూలర్ మార్చడమే అసలు ఓవర్‌క్లాకింగ్ అనుకోండి తమ్ముడూ. 120 ఎంఎం ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ సుమారు రెండు వేలకు దొరుకుతుంది. వీడియోల్లో పరీక్షించే గదులు 24 డిగ్రీల ప్రాంతంలో ఉంటాయి. మీ గది 38. ఆ తేడా పద్నాలుగూ నేరుగా చిప్ మీద కనిపిస్తుంది. వాళ్ల 75 మీ ఇంట్లో 89 అవుతుంది. విదేశీ సమీక్షల అంకెలు చూసి కొనేవాళ్లు ఈ కూడిక చేసుకుని కొనాలి. క్యాబినెట్ ముందు భాగం జాలీతో ఉందా, మూసేసిన గాజు పలకా? గాజు అయితే కొన్నాళ్లు తీసి వాడండి.

గోదారి_గట్టు · మే 13, మధ్యాహ్నం 1:15

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది ఐ5 12400ఎఫ్, హెచ్610 బోర్డు. నాకు ఇందులో ఏదైనా కుదురుతుందా?

పాతకాపు · మే 13, మధ్యాహ్నం 1:40

కుదరదండీ. మల్టిప్లయర్‌కు తాళం, హెచ్610లో మెమరీ ఓవర్‌క్లాకింగ్ కూడా లేదు. డీడీఆర్4 బోర్డు అయితే ర్యామ్ 3200లో ఉందో లేదో చూసుకోండి, రెండు స్టిక్కులు ఉండేలా చూసుకోండి. అంతకు మించి డబ్బు పెట్టకండి.

నిజాంపేట_13వతరం · మే 13, సాయంత్రం 6:25

నా అనుభవం వేరే రకం. ఐ7 13700కె, జెడ్790 బోర్డు. నేను ఏ సెట్టింగూ మార్చలేదు, అయినా ఆటలు తెరవగానే మూతపడటం మొదలైంది, గ్రాఫిక్స్ మెమరీ చాలదని సందేశం వచ్చేది. చూస్తే బోర్డు తనంతట తానే పవర్ పరిమితులు ఎత్తేసి ఉంచింది. ఇలాంటి వాళ్లు ఏం చేయాలి?

వోల్ట్‌మీటర్ · మే 13, సాయంత్రం 7:30

మీరు ముందు బయోస్ అప్‌డేట్ చేయాలి, మిగతావన్నీ తర్వాతే. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లలో, 65 వాట్లు ఆపైవాటిలో, ప్రాసెసర్ అవసరానికి మించి వోల్టేజ్ అడిగే లోపం ఉందని 2024లో ఇంటెల్ స్వయంగా ఒప్పుకుంది. దిద్దుబాటు మైక్రోకోడ్ (బయోస్‌తో పాటు చిప్‌కు అందే లోపలి సూచనలు) రూపంలో వచ్చింది: ఆగస్టులో 0x129, సెప్టెంబరులో 0x12బి. రెండోదో దాని తర్వాతదో ఉన్న బయోస్ వేసుకుని, ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ ప్రొఫైల్ ఎంచుకోండి. అయితే అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను మైక్రోకోడ్ బాగు చేయలేదు. అప్‌డేట్ తర్వాత కూడా ఆటలు మూతపడితే వారంటీ కింద మార్పించుకోండి. పెట్టెతో అమ్మిన ఆ చిప్‌లకు వారంటీని ఇంటెల్ రెండేళ్లు పెంచింది, మొత్తం ఐదేళ్లు.

ఏఎండీ వైపూ ఇలాంటిది జరిగింది. 2023లో ఎక్స్‌పో (ఏఎండీ ర్యామ్ ప్రొఫైల్) ఆన్ చేసిన కొన్ని ఏఎం5 సాకెట్ బోర్డులు ఎస్‌ఓసీ వోల్టేజ్‌ను (చిప్‌లోని మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకు ఇచ్చేది) మరీ పెంచేయడంతో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డి చిప్‌లు కాలిపోయాయి. తర్వాతి బయోస్‌లలో దాన్ని 1.3 దగ్గర కట్టేశారు. బోర్డు ‘ఆటో’ అని చూపించే చోట లోపల ఏం పెడుతోందో ఒక్కసారైనా చూసి తీరాలి.

ఓరుగల్లు_ల్యాబ్ · మే 13, రాత్రి 8:50

బయోస్ అప్‌డేట్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, యూపీఎస్ లేకుండా ఆ పని చేయకండి. ఎండాకాలంలో ఎప్పుడు కరెంటు పోతుందో చెప్పలేం, మధ్యలో పోతే బోర్డు లేవదు. ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు అయితే పెన్‌డ్రైవ్‌తో మళ్లీ బతికించవచ్చు.

కర్వ్ ఆప్టిమైజర్‌లోనో ర్యామ్‌లోనో మరీ దూరం వెళ్తే ఫ్యాన్లు తిరుగుతాయి గానీ తెర నల్లగానే ఉంటుంది, బోర్డు మీద డీర్యామ్ అని రాసిన చిన్న లైటు వెలిగే ఉంటుంది. కంగారు పడకండి. ప్లగ్ పీకేసి, బోర్డు మీద సీఎల్‌ఆర్ సీమాస్ అని గుర్తు ఉన్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో పది సెకన్లు కలిపి ఉంచండి. పిన్నులు దొరక్కపోతే గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ తీసి కాసేపాగి పెట్టండి. మళ్లీ ఆన్ చేశాక బోర్డు ర్యామ్‌ను కొత్తగా సరిచూసుకుంటూ రెండు మూడుసార్లు ఆగి లేస్తుంది. ఆ సమయంలో చేయి పెట్టకూడదు. మీ సెట్టింగులన్నీ ముందే ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోండి.

బెజవాడ_బైట్ · మే 19, రాత్రి 9:05

ర్యామ్ 3200కు మార్చాను, మెమ్‌టెస్ట్86లో తప్పులు లేవు. టవర్ కూలర్ తెప్పించి బిగించాను. కర్వ్ ఆప్టిమైజర్ ఆల్ కోర్స్ మైనస్ 20లో సినీబెంచ్ 4.45 దగ్గర నడుస్తోంది, వేడి 76. ఆటల్లో చిన్న చిన్న తడబాట్లు పోయాయి. చాలా సంతోషంగా ఉంది.

ఒక్క సమస్య. నిన్న బ్రౌజర్ తప్ప ఏమీ తెరవని సమయంలో కంప్యూటర్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అయింది. సినీబెంచ్ అరగంట నడిచినా ఏమీ కానిది, ఖాళీగా ఉన్నప్పుడు ఎందుకు పడిపోయింది?

వోల్ట్‌మీటర్ · మే 19, రాత్రి 9:50

కర్వ్ ఆప్టిమైజర్ తీరే అది. అన్ని కోర్లూ పనిలో ఉన్నప్పుడు వేగం 4.45 కాబట్టి వోల్టేజ్ చాలుతుంది. బ్రౌజర్ ఒక పేజీ తెరిచిన క్షణంలో ఒక్క కోర్ 4.65కు ఎగురుతుంది. అక్కడే తగ్గించిన వోల్టేజ్ సరిపోక పడిపోతుంది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ చిట్టాలో డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ (హార్డ్‌వేర్ తప్పులు నమోదు చేసేది), ఈవెంట్ 18 ఉందేమో చూడండి. అందులో ఏపీఐసీ ఐడీ అని ఒక సంఖ్య ఉంటుంది. మీ చిప్‌లో సాధారణంగా 0, 1 మొదటి కోర్‌వి, 2, 3 రెండో కోర్‌వి, అలా లెక్కపెట్టుకోవాలి. ఆ కోర్‌ను గుర్తించి, పర్ కోర్‌కు మారి దానికి మాత్రం తగ్గింపు తగ్గించండి. మామూలుగా చిప్‌లోని మేలైన కోర్లే ముందు తడబడతాయి, ఎందుకంటే వాటికి మొదటి నుంచీ తక్కువ వోల్టేజ్ కేటాయించి ఉంటుంది. ఏఎండీ ప్రోగ్రామ్ రైజెన్ మాస్టర్‌లో నక్షత్రం గుర్తు ఉన్నది అలాంటి కోరే.

పరీక్షకు కోర్‌సైక్లర్ వాడండి. ఇది ప్రైమ్95ను ఒక్కో కోర్ మీద విడివిడిగా నడుపుతుంది. ప్రైమ్95 మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేట కోసం పుట్టిన ప్రోగ్రామ్ కాబట్టి తన లెక్కను తానే సరిచూసుకుంటుంది. రౌండింగ్ 0.5 వచ్చింది, 0.4 లోపు ఉండాలి అన్న సందేశంతో ఆగితే ఆ కోర్ తప్పు లెక్క చేసినట్టే. లావణ్య గారు చెప్పిన చెదిరిన ఫ్రేములు ఇలాంటి కోర్ నుంచే వస్తాయి.

బెజవాడ_బైట్ · మే 24, ఉదయం 10:30

ఈవెంట్ 18 ఉంది, ఏపీఐసీ ఐడీ 4. అంటే మూడో కోర్. రైజెన్ మాస్టర్‌లో నక్షత్రం ఉన్నదీ అదే. దానికి మైనస్ 8 పెట్టాను, మిగతావాటిని 20 దగ్గరే ఉంచాను. కోర్‌సైక్లర్ రాత్రంతా నడిచింది, ఏ కోర్ కూడా ఆగలేదు.

లావణ్య_రెండర్ · మే 24, ఉదయం 11:10

ఇప్పుడు బ్లెండర్‌లో ఒకే దృశ్యాన్ని రెండుసార్లు రెండర్ చేసి, రెండు చిత్రాలనూ పోల్చి చూడండి. ఒకే సీడ్ (యాదృచ్ఛిక లెక్కలు మొదలయ్యే సంఖ్య), ఒకే సెట్టింగులతో చేస్తే కంటికి ఏ తేడా కనిపించకూడదు. నేను సెట్టింగు ఏది మార్చినా కస్టమర్ పని మొదలుపెట్టే ముందు ఇది చేస్తాను.

స్పీడ్‌కింగ్ · మే 24, మధ్యాహ్నం 12:20

నేనూ 1.4 తీసేసి చూశాను. 4.6 నా చిప్‌లో 1.27కే నిలబడుతోంది, వేడి 11 డిగ్రీలు తగ్గింది. కర్వ్ ఆప్టిమైజర్ కూడా మొదలుపెడుతున్నాను. ఒక సందేహం: ఇప్పుడు ఎండల్లో సరిచూసుకున్న అంకెలు ఏడాదంతా అలాగే వదిలేయవచ్చా?

వోల్ట్‌మీటర్ · మే 24, మధ్యాహ్నం 12:55

వదిలేయకండి. డిసెంబరులో గది చల్లబడినప్పుడు చిప్ ఇంకా పైకి, ఇంకా ఎక్కువసేపు బూస్ట్ అవుతుంది. వేసవిలో నిలిచిన మైనస్ సంఖ్య ఆ వేగం దగ్గర నిలవకపోవచ్చు. చలి మొదలైన వారంలో కోర్‌సైక్లర్ ఇంకో రాత్రి నడపండి. ఏ కోర్ ఆగితే దానికి రెండు మూడు అంకెలు వెనక్కి తగ్గండి. వేసవి ముందు చూడాల్సింది వేరే: కూలర్ రెక్కల్లో దుమ్ము, థర్మల్ పేస్ట్, 85 పరిమితి అలాగే ఉందా లేదా. బయోస్ అప్‌డేట్ చేస్తే ఆ పరిమితితో సహా అన్నీ చెరిగిపోతాయి, మళ్లీ పెట్టుకోవాలి.